స్లైడు మీది నూనె బిందువులు

2023 మే నెల. నరసరావుపేటలో ఆసుపత్రులు, మందుల దుకాణాలు, స్కానింగ్ కేంద్రాలు గోడకు గోడ ఆనించుకుని ఉండే వీధిలో మా ల్యాబ్ ఉంది. నేను మైక్రోబయాలజిస్టును. అంటే రోగిని కాక, రోగి నుంచి వచ్చినదాన్ని పరీక్షించి, అందులో ఏ సూక్ష్మజీవి ఉందో, ఏది లేదో రాసి సంతకం చేసే వైద్యురాలిని. రక్తం, మూత్రం, కఫం, చీము, మలం నా దైనందిన సామగ్రి. వీటిలో చివరిదాని గురించి చుట్టాలెవరూ నన్ను కుతూహలంగా అడగరు. అయినా నా వృత్తి జీవితంలో నేను పట్టరాని సంతోషం పొందిన ఉదయం ఒకటుంటే అది దాని పుణ్యమే.

ముందుగా రెండు మాటలు చెప్పాలి. మనిషి పేగుల్లో బతికే ఏకకణ పరాన్నజీవులను ప్రోటోజోవా అంటారు. మా ప్రాంతంలో మాకు ఎక్కువగా ఎదురయ్యేవి రెండు. జియార్డియా చిన్నపేగు గోడకు అతుక్కుని, తిన్న కొవ్వు ఒంటబట్టకుండా చేస్తుంది. ఎంటమీబా హిస్టోలిటికా పెద్దపేగు గోడను తొలిచి పుండ్లు చేస్తుంది. అమీబిక్ డిసెంట్రీ, అంటే నెత్తురు బంక విరేచనాలు, దాని పనే. ఈ అమీబాకు రెండు రూపాలున్నాయి. గట్టి పెంకు కట్టుకుని నీళ్లలోనూ ఆహారంలోనూ ప్రయాణించేది సిస్ట్. పేగులో పాకుతూ తిరిగేది ట్రోఫోజోయిట్. ఈ రెండోది మహా సుకుమారి. శరీరం నుంచి బయటపడిన అరగంటలోపు స్లైడు మీదికి చేరకపోతే చలనం ఆగిపోయి, చుట్టుపక్కల కణాల మధ్య గుర్తుపట్టలేనట్టు కలిసిపోతుంది. పైగా అచ్చం దీనిలాగే ఉండే నిరపాయకరమైన అమీబా మరొకటి ఉంది. మైక్రోస్కోపులో ఆ రెంటినీ నమ్మకంగా విడదీసే గుర్తు ఒక్కటే: హాని చేసేది మన ఎర్ర రక్తకణాలను మింగి కడుపులో పెట్టుకుని తిరుగుతుంది.

ఆ మే నెలలో మా వీధి చివర ఉండే గ్యాస్ట్రో డాక్టరు శేషగిరి గారు ఫోన్ చేశారు. మస్తాన్ వలీ అనే యాభై దాటిన రోగి నెలల తరబడి నెత్తురు విరేచనాలతో బాధపడుతున్నాడనీ, కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్షలో, పుండ్లు కనిపించాయనీ చెప్పారు. బయాప్సీ ఎటూ తేల్చలేదు. వినుకొండలో అమీబా మాత్రలు రెండు దఫాలు వాడినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. అందువల్ల ఆయన అనుమానం అల్సరేటివ్ కొలైటిస్ వైపు మొగ్గింది. శరీరపు రక్షణ వ్యవస్థే పేగు మీద తిరగబడే జబ్బు అది. దానికి స్టెరాయిడ్లు వాడాలి, మందులు ఏళ్ల తరబడి సాగాలి.

"ఇక్కడే ఉంది మేడమ్ చిక్కు. లోపల అమీబా ఉండగా నేను స్టెరాయిడ్ ఇచ్చానంటే దానికి తలుపులు బార్లా తీసినట్టే. పేగుకు చిల్లు పడొచ్చు. ఉందో లేదో మీరు తేల్చండి. అప్పటిదాకా ఆగుతాను. కానీ ఎక్కువ రోజులు ఆగలేను, మనిషి నీరసించిపోతున్నాడు" అన్నారు.

మస్తాన్ వలీ గారికి వినుకొండ బస్టాండు దగ్గర అత్తరు కొట్టు ఉంది. మూడు తరాల కొట్టు. అత్తర్లు, కళ్లకు పెట్టుకునే సుర్మా, అగరొత్తులు, టోపీలు అమ్ముతారు. ఆ వ్యాపారపు పద్ధతి నాకు తరువాత తెలిసింది. గిరాకీ రాగానే సీసా అందించి పంపే బేరం కాదది. గాజు పుల్లతో చేతి వెనక ఒక చుక్క అద్ది, దాని పైవాసన పోయి అసలు వాసన తేలేదాకా కబుర్లు చెబుతూ కూర్చోబెట్టాలి. నచ్చకపోతే రెండో చేతికి మరో చుక్క అద్దాలి. గిరాకీతో పాటు కొట్టు యజమాని కూడా కదలకుండా కూర్చోవాలి. ఆయన చేయలేకపోతున్నది సరిగ్గా అదే. కబురు మధ్యలో లేచి పరుగెత్తవలసి రావడం, తిరిగి వచ్చేసరికి గిరాకీ వెళ్లిపోయి ఉండటం, పైగా పరిమళాలమ్మే మనిషికి తన ఒంటి మీద తనకే అనుమానం రావడం, ఇవన్నీ కలిసి చివరికి ఆయన కొట్టు మూసేశారు. బక్రీదుకల్లా మళ్లీ గద్దె మీద కూర్చోగలనా అన్నదొక్కటే డాక్టరు గారిని ఆయన అడిగిన ప్రశ్న.

మొదటి శాంపిల్ తెచ్చింది ఆయన భార్య కరీమూన్. పొద్దున్నే వినుకొండ బస్సెక్కి, మేమిచ్చిన ప్లాస్టిక్ డబ్బాను కవరులో చుట్టి, పైన గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చింది. ఆమె లోపలికి రాగానే రిసెప్షనంతా గులాబీ పరిమళం కమ్ముకుంది. అత్తరు ఇంటివాళ్లు కదా, బుర్ఖాకూ సంచికీ చేతులకూ అంటుకునే ఉంటుందనుకున్నాం. మా సీనియర్ టెక్నీషియన్ ప్రసాద్ ముచ్చటపడి, "అక్కా, నువ్వొస్తే మా ల్యాబు పెళ్లిల్లు లాగుంది" అన్నాడు. ఆమె తడుముకోకుండా, "పెళ్లికి తెచ్చే సామానే తెచ్చా తమ్ముడూ, జాగ్రత్తగా అందుకో" అని డబ్బా చేతిలో పెట్టింది.

స్లైడు మీద ఒక చుక్క సెలైన్ వేసి, అందులో శాంపిల్‌ను పలచగా కలిపి, పైన కవర్ స్లిప్ అనే పలచని గాజు బిళ్ల మూసి చూడటాన్ని వెట్ మౌంట్ అంటారు. అలా చూశాను. ఎర్ర రక్తకణాలున్నాయి. చీము కణాలున్నాయి. అమీబా లేదు, సిస్ట్ లేదు. కానీ నేను ఎదురుచూడనిది ఒకటి విస్తారంగా ఉంది. చిన్నా పెద్దా గుండ్రని బిందువులు, కాంతిని వంచుతూ, మెరుస్తూ, వేరే ఏదీ సరిగా కనపడనివ్వకుండా స్లైడంతా పరుచుకుని ఉన్నాయి. కొవ్వును నారింజ రంగుకు మార్చే సుడాన్ అనే వర్ణకం వేశాం. బిందువులన్నీ నారింజ రంగుకు తిరిగాయి.

మలంలో కొవ్వు పడటం చిన్నపేగుదో, క్లోమగ్రంథిదో అయిన జబ్బుకు గుర్తు. ఈయన పుండ్లున్నవి పెద్దపేగులో. రెండింటికీ పొత్తు కుదరలేదు. ఆముదం తాగినా ఇలాంటి బిందువులు కనిపిస్తాయి కనుక, బయట బెంచీ మీద కూర్చున్న కరీమూన్‌ను పిలిచి అడిగాను.

"ఆముదమా మేడమ్? గుక్కెడు నీళ్లు తాగితేనే పరిగెత్తే మనిషికి ఆముదం ఎవురు పోస్తారు?" అంది. "జావ, మజ్జిగ. అంతే. నెల దాటింది మా ఇంట్లో తాలింపు గంటె మోగక."

నేను రిపోర్టు మీద సంతకం చేయలేదు. పరాన్నజీవులు రోజూ ఒకేలా బయటపడవు కాబట్టి రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు చూడటం మా పద్ధతి. రెండోది తెమ్మన్నాను. మళ్లీ కరీమూన్, మళ్లీ గులాబీ, మళ్లీ ఆ బిందువులే. అమీబా మాత్రం లేదు. శేషగిరి గారితో మాట్లాడితే, ఒక మనిషికి రెండు జబ్బులు రాకూడదన్న నియమం లేదు కదా, క్లోమానికి కూడా పరీక్ష రాద్దామా అన్నారు. ఆయన మాటలో తప్పులేదు. కానీ నాకు ఒక లెక్క తెగలేదు. జావ, మజ్జిగ మాత్రమే తాగుతున్న మనిషి లోపలికి వెళ్లే కొవ్వే అంతంతమాత్రం. లోపలికి వెళ్లనిది బయటికి ఎలా వస్తుంది? మూడో శాంపిల్ చూశాక మాట్లాడదామన్నాను.

మూడోసారి కరీమూన్ రాలేదు. బస్సు ఆలస్యం చేస్తున్నదని, తన తమ్ముడు ఖాసింను మోటారు సైకిలు మీద పంపింది. ఖాసిం మెకానిక్. గ్రీజు మరకల చొక్కాతో వచ్చి, డబ్బా కౌంటరు మీద పెట్టి, షెడ్డులో బండి విప్పి వచ్చానని చెప్పి, నిలబడకుండా వెళ్లిపోయాడు. ప్రసాద్ కవరు విప్పాడు. విప్పి, డబ్బాను బల్ల మీద పెట్టి, తలుపు వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు. తరువాత నా గదిలోకి వచ్చాడు.

"మేడమ్, ఇప్పుడొచ్చినాయన కాడ పెట్రోలు వాసన. డబ్బా కాడేమో మొగలిపూల వాసన. అక్క ఇయ్యాల రాలేదుగా. మరి ఈ వాసన ఎవురిది?"

ఆ క్షణంలో ఆ బిందువులన్నీ నాకు అర్థమయ్యాయి. అత్తరుకు ఆధారం నూనె. అది సుడాన్‌తో నారింజ రంగుకు తిరుగుతుంది. ట్రోఫోజోయిట్ వంటి సుకుమార జీవికి ప్రాణాంతకం కూడా. నేను రెండుసార్లు కళ్లు చికిలించుకుని చూసినది రోగి కొవ్వు కాదు, రోగి సరుకు.

మస్తాన్ వలీ గారికి నేనే ఫోన్ చేశాను. శాంపిల్‌లో ఏమైనా కలిపారా అని వీలైనంత మెత్తగా అడిగాను.

"మొగలి మీకు పడలేదా మేడమ్?" అన్నారాయన, ఎంతో నొచ్చుకుంటూ. "మొదట రెండుసార్లు గులాబీనే ఏశా. మీరు మళ్లీ మళ్లీ తెమ్మంటన్నారని, పెద్దోళ్లకిచ్చే సరుకు తీసి ఏశా ఈసారి."

నేను ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాను. ఆయన తన వాదన వినిపించారు. మేమిచ్చిన సూచనల కాగితం అక్షరం పొల్లుపోకుండా పాటించానన్నారు. నీళ్లు కలపకూడదని ఉంది, కలపలేదు. మూత్రం కలవకూడదని ఉంది, కలవనివ్వలేదు. ఫినాయిలు, డెట్టాలు వద్దని ఉంది, వాటి జోలికే పోలేదు. అత్తరు వద్దని ఎక్కడా లేదు. నిజంగానే లేదు.

"మా కొట్లోంచి మంచి వాసన లేకుండా ఒక్క పొట్లం బయటికి పోలేదు మేడమ్, మా తాత నాటి నుంచి. అట్టాంటిది, చదువుకున్న ఆడమనిషి మూత తీసి ముక్కు మూసుకోవాల్నా? నాకు మనసొప్పలా. నాలుగు చుక్కలే ఏశా."

అత్తరు లేకపోయినా వినుకొండ నుంచి చేరేసరికి అరగంట దాటుతుంది కనుక, ఇక్కడికే రావాలని, ఏమీ తేవద్దని, వచ్చాక మా ల్యాబ్ బాత్‌రూమ్‌లోనే శాంపిల్ ఇవ్వాలని చెప్పాను. ఆయన చాలా ఇబ్బందిపడ్డారు. వెనక నుంచి కరీమూన్ ఉర్దూలో ఏదో గట్టిగా అనడం వినిపించింది. తరువాత ఫోను ఆమె చేతికి వచ్చింది. "నేనేమన్నానో మీకు చెప్పను మేడమ్, మీరు పెద్ద డాక్టరు. రేపు పొద్దున తీసుకొస్తా" అంది. అత్తరు సంగతి అప్పటిదాకా ఆమెకూ తెలియదట.

మరునాడు దంపతులిద్దరూ వచ్చారు. ఆయనను అప్పుడే మొదటిసారి చూశాను. సన్నగా, పొడవుగా ఉన్నారు. తెల్లని లాల్చీ ఒంటికి రెండింతలైంది. కాస్త పలచబడినా గడ్డం ముచ్చటగా దువ్వి ఉంది. ప్రసాద్ ముందుగానే అన్నీ సిద్ధం చేశాడు. స్లైడు వెచ్చగా ఉంటేనే అమీబా కదులుతుంది కనుక మైక్రోస్కోపు గదిలో ఏసీ కట్టేశాం. పెద్ద ల్యాబుల్లో స్లైడును వెచ్చగా ఉంచే పరికరం ఉంటుంది. మే నెల నరసరావుపేటకు ఆ ఖర్చు అక్కరలేదు. కిటికీ తెరిస్తే చాలు. ప్రసాద్ డబ్బా అందుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. రక్తపు జీర ఉన్న బంక భాగం నుంచి పుల్లతో కొంచెం తీసి వెట్ మౌంట్ చేశాడు. నేను కూర్చున్నాను.

బిందువులు లేవు. అద్దం తుడిచినట్టు తేటగా ఉంది. ఎర్ర కణాల మధ్య ఒకచోట ఏదో కదిలినట్టు తోచింది. పెద్ద లెన్సుకు మార్చాను. పారదర్శకమైన ఒక వేలు లాంటిది ముందుకు సాగింది. దాని వెనకే లోపలి సరుకంతా గబగబా ఆ వేలిలోకి ప్రవహించింది. మళ్లీ వేలు, మళ్లీ ప్రవాహం. చెత్త కణాలు గాలికి ఊగినట్టు అటూ ఇటూ ఊగుతాయి. ఇది అలా కాదు, పని మీద వెళ్లే మనిషిలా ఒక దిక్కుకే పోతోంది. దాని కడుపులో గుండ్రంగా, లేత పసుపుపచ్చగా, మింగిన ఎర్ర కణాలు స్పష్టంగా ఉన్నాయి. ఇక సందేహానికి తావు లేదు.

చెమట కళ్లలోకి కారుతోంది. ప్రసాద్‌ను రమ్మన్నాను. అతడు చూసి తల ఎత్తకుండానే, "వచ్చావా తల్లీ" అన్నాడు. ఎన్నో పాఠ్యపుస్తకాల్లో బొమ్మగా ఉండే దృశ్యమే. కానీ మా దగ్గరికి శాంపిళ్లు చల్లారి, ఆలస్యమై వస్తాయి కనుక, పాకుతున్న హిస్టోలిటికా కనిపించడం మాకు అపురూపం. శేషగిరి గారికి ఫోన్ చేస్తే, ఓపీలో కూర్చున్న వారికి ఇప్పుడే వస్తానని చెప్పి వీధి దాటి వచ్చేశారు. ఆయన కూడా చూశారు. కుర్చీ లోంచి లేచి, నాతో కరచాలనం చేసి, జేబులోంచి అంతకుముందు రాసిపెట్టుకున్న స్టెరాయిడ్ చీటీ తీసి నాలుగు ముక్కలు చేశారు.

అప్పుడు మస్తాన్ వలీ గారిని లోపలికి పిలిచాను. రోగికి తన పరాన్నజీవిని చూపించడం మా నియమాల్లో లేదు గానీ, ఆ రోజు దాచుకోవాలనిపించలేదు. ఆయన లాల్చీ చేతులు పైకి మడిచి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశారు.

"ఇదేనా మేడమ్ నాచేత కొట్టు మూయించింది?"

"ఇదే."

"చానా సుతారంగా నడుస్తందే" అన్నారు. తరువాత పక్కకు జరిగి భార్యకు చోటిచ్చారు. కరీమూన్ చూసింది, అత్తరుకు ఇది చచ్చిపోతుందన్న మాట నిజమేనా అని నన్ను అడిగింది. స్లైడు మీద చావడం ఖాయమని చెప్పాను.

"అయితే మందులెందుకు, రోజూ పొద్దున్నే నాలుగు చుక్కలు తాగిస్తే పోయిద్దిగా."

శేషగిరి గారు కంగారుపడి, అలాంటి పని కలలో కూడా చేయవద్దని గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. ఆమె పెదవి బిగించి బుద్ధిగా తల ఊపుతూ విన్నది. ఆయన వెనక నిలబడ్డ ప్రసాద్ భుజాలు కదలడం నాకు కనిపించింది.

చికిత్స సులువైనదే, అయితే రెండు అంచెలది. మొదటి మందు పేగు గోడలో ఉన్న ట్రోఫోజోయిట్లను చంపుతుంది. రెండోది పేగు లోపలి ఖాళీలో మిగిలిన సిస్టులను తుడిచిపెడుతుంది. ఇంతకుముందు రెండు దఫాలూ ఆయన మొదటి మందు మాత్రమే, అది కూడా కాస్త నెమ్మదించగానే ఆపేస్తూ వాడారు. జబ్బు తిరగబెట్టడానికి కారణం అదే అయివుంటుంది. ఈసారి మాత్రల బాధ్యత కరీమూన్ తీసుకుంది. మరగకాచిన నీళ్లు, సబ్బుతో చేతులు కడగడం, ఇంట్లో అందరికీ పరీక్ష, అన్నీ చేయించింది. అది ఆయన కడుపులోకి ఏ నీళ్ల ద్వారా చేరిందో మాత్రం నేను చెప్పలేను. మైక్రోస్కోపు అంత వెనక్కి చూడదు.

కొద్ది రోజులకు ఒక ఉదయం నా ఫోను మోగింది. మస్తాన్ వలీ గారు. యోగక్షేమాలు అడిగారు, ఎండల గురించి మాట్లాడారు, అసలు సంగతికి రాలేక నీళ్లు నమిలారు. చివరికి కరీమూన్ ఫోను లాక్కుని, "గట్టిగా వచ్చింది మేడమ్, నెత్తురు లేదు. ఆ మాట మీకు చెప్పటానికి ఈయన గంట నుంచి ఫోను పట్టుకుని తిరగతన్నాడు" అంది. నా వృత్తిలో శుభవార్తలు ఇలాగే ఉంటాయి. ప్రసాద్‌కు చెబితే అతడు ల్యాబ్ మొత్తానికీ టీ తెప్పించాడు.

మందులు పూర్తయ్యాక పరీక్షకు ఆయనే స్వయంగా వచ్చారు. డబ్బాను రెండు చేతులా అందిస్తూ తల వంచి, "ఈసారి దాని వాసన దానికే ఉంది. ఏమనుకోబాకండి మేడమ్" అన్నారు. స్లైడు మీద ఏ జీవీ లేదు. ఏ బిందువూ లేదు. సంతోషంగా సంతకం చేశాను.

ఈ కేసు తరువాత ప్రసాద్ శాంపిల్ తెచ్చిన ప్రతివారినీ ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు: మాకు వాసన రాకూడదని ఏమైనా చేశారా? జవాబులు విని మేము ఆశ్చర్యపోయాం. ఒక మాస్టారు డబ్బాలో టాల్కం పౌడరు చల్లారు. ఒక పెద్దావిడ కర్పూరం బిళ్ల వేసింది. మరొకరు నిమ్మరసం పిండారు. వారెవరూ అజాగ్రత్త మనుషులు కారు. మా సూచనల కాగితమంతా జనం అజాగ్రత్తగా ఉంటారనుకుని రాసినది. జనం మర్యాదగా ఉంటారనుకుని రాసిన వాక్యం అందులో ఒక్కటీ లేదు. ఇప్పుడు మొదటి వాక్యం అదే: "వాసన గురించి మొహమాటపడవద్దు. మాకు అది ఉన్నది ఉన్నట్టే కావాలి." ఆ వాక్యం చేర్చాక మా స్లైడ్లు తేటపడ్డాయి, మా ప్రశ్నలు కూడా.

బక్రీదు ముందు ఒక సాయంత్రం పని మీద వినుకొండ వెళ్లి, బస్టాండు దగ్గర ఆగాను. కొట్టు తెరిచి ఉంది. ఒక ముసలి రైతు రెండు చేతులూ చాపుకుని బల్ల మీద కూర్చున్నాడు. ఒక చేతికి ఒక చుక్క, రెండో చేతికి మరొకటి. ఏదీ తేల్చుకోలేక ఒకదాని తరువాత ఒకటి వాసన చూస్తూ, వానల గురించీ మిరప నారు గురించీ మాట్లాడుతున్నాడు. గద్దె మీద మస్తాన్ వలీ గారు మఠం వేసుకుని వింటున్నారు. నన్ను చూసి చేత్తోనే కూర్చోమని సైగ చేశారు. రైతు మొదటి చేతిని మళ్లీ ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. తొందర లేదు, బాగా తేలనివ్వండి బాబాయ్, అంటూ ఆయన వెనక దిండుకు చేరగిలబడ్డారు.